తీరిక వేళల పని

(ఉగాది వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి రమ్మని పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. "ఎప్పుడూ వరకట్న హత్యలు, గృహహింస, కోర్టు కేసులేనా? ఈసారి కాస్త తేలికైన విషయం మాట్లాడండి. వసంతం కదా, ఇంటి సంగతులు, మన అభిరుచులు, ఖాళీగా కూచున్నప్పుడు వచ్చే ఆలోచనలు, ఇలాంటివి చెప్పండి" అన్నారు. నాకూ బాగానే అనిపించింది. తీరా రాసుకుందామని కూచుంటే ఒక్క ముక్క సాగలేదు. "ఖాళీగా కూచున్నప్పుడు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా ఇంట్లో ఆడవాళ్ళు ఖాళీగా కూచోగా ఎప్పుడైనా చూశానా అని నాలుగు రోజులు వెతుక్కున్నాను. కనక ఈ ప్రసంగం మీరు అడిగినంత తేలిగ్గా ఉండకపోవచ్చు. అందుకు ముందే క్షమించమంటున్నాను.

మన కావ్యాల్లో వసంతం అంటే మామిడి చిగురు, కోకిల, చల్లగాలి. నా చిన్నప్పటి వసంతం మాత్రం మేడ మీద ఉండేది. పాత పంచె తడిపి పరిచి, మా అమ్మా పెద్దమ్మా నడుం వంచి గుమ్మడి వడియాలు పెట్టేవాళ్ళు. ఎండ ముదరకముందే పెట్టడం అయిపోవాలి. అలా కావాలంటే తెల్లవారకముందే పిండి రుబ్బాలి. అది కావాలంటే ముందురోజు సాయంత్రమే బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటగట్టి నీరు దిగేలా బరువు పెట్టాలి, మినప్పప్పు నానబోసుకోవాలి. ఇవి పూర్తయ్యేలోపు సగ్గుబియ్యం వడియాలు, చల్లమిరపకాయలు. కొత్త చింతపండు వస్తే ఈనెలూ గింజలూ తీసి కుండలకెత్తడం. కందిపప్పు ఏడాదికి సరిపడా బాగుచేసి ఎండబెట్టడం. మిరపకాయలు ఎండబోసి కారం కొట్టించడం. వైశాఖంలో ఆవకాయ. మా పిల్లలకి కాకుల్ని తోలే ఉద్యోగం. మాకది ఆటగా ఉండేది, ఒప్పుకుంటాను. ఇప్పటికీ పచ్చి వడియాల పిండి వాసన వస్తే నా మనసు మేడెక్కుతుంది. కానీ ఆ మేడ మీద మా అమ్మ కోకిలని విన్నదో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఇంకో విషయం. మార్చి నెల మధ్యకి వచ్చేసరికి బడులు ఒంటిపూట అవుతాయి. ఎండల్లో పిల్లలకి అది అవసరమే. అయితే మధ్యాహ్నం రెండు గంటలసేపు తల్లికి ఏదో కాస్త దొరికేది, అది కూడా ఆ రోజుతో పోతుంది. ఇంట్లో పదో తరగతి పిల్లో, ఇంటర్ పిల్లవాడో ఉంటే చెప్పనే అక్కర్లేదు. పరీక్ష వాళ్ళది, నాలుగింటికి లేవడం తల్లిది.

మేడ ఉన్న ఇంటి వసంతం గురించే చెప్పానని నాకు తెలుసు. మేడ లేనివాళ్ళ వసంతం వేరు. మేం ఎండబోసుకున్న ఆ మిరపకాయని మార్చి ఎండలో వంగి కోసింది కూలికొచ్చిన ఆడవాళ్ళు. గుంటూరు ప్రాంతంలో మిరపకాయల తొడిమలు తీసే పనిలో ఉన్నదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పని చేసిన చేత్తో చంటిపిల్లని ముట్టుకోడానికి భయపడాలి. అడవి ప్రాంతాల్లో కోయ, గోండు స్త్రీలు ఈ రోజుల్లో చీకటితోనే లేచి ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తారు. ఆ తర్వాత తునికాకు. మనలో ఎవరైనా "స్త్రీల తీరిక" అని మాట్లాడితే అది ఏ స్త్రీ తీరిక, ఎవరి వీపు మీద నిలబడిన తీరిక అని మొదట అడగాలి. ఈ ప్రశ్న నాకు నేనూ వేసుకుంటున్నాను. నేను నాలుగు రోజులు కూచుని ఈ ప్రసంగం రాసుకోగలిగానంటే, ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో గిన్నెలు తోమింది నేను కాదు.

ఇక అభిరుచుల సంగతి. మా తరం వరకు ఆడపిల్ల అభిరుచికి ఒక స్పష్టమైన ప్రయోజనం ఉండేది. పెళ్ళిచూపులు. "అమ్మాయి పాడుతుంది, కుట్లూ అల్లికలూ వచ్చు" అని చెప్పుకోడానికి నాలుగు కీర్తనలు, రెండు దిండు గలీబులు కావాలి. పెళ్ళయిన తర్వాత ఆ హార్మోనియమో వీణో అటక మీదకి వెళ్తుంది. ఎందుకు వెళ్ళిందని అత్తవారు అడగరు, పుట్టింటివారు అంతకన్నా అడగరు. అది నేర్పిందే అందుకు కనక. మిగిలేవి కుట్లూ అల్లికలే, ఎందుకంటే అవి ఇంటికి పనికొస్తాయి. గమనించి చూడండి. వంట, కుట్టు, పెరటి మొక్కలు, ముగ్గు, మల్లెలు మాలకట్టడం. స్త్రీలకు ఆమోదం ఉన్న అభిరుచులన్నీ ఇంకొకరికి ఉపయోగపడేవి. తనకు తప్ప ఎవరికీ పనికిరాని అభిరుచి ఆడదానికి ఉంటే దానికి వేరే పేరు ఉంది. బద్ధకం.

నవలలు చదివిన మన అమ్మల తరాన్నే తీసుకోండి. సందు చివర అద్దె పుస్తకాల షాపు నుంచి నవల తెప్పించుకుని, పొయ్యి దగ్గర ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదివారు. "కాలక్షేపం బఠాణీలు" అని విమర్శకులు ఎద్దేవా చేశారు. వారపత్రికల అమ్మకాలు మాత్రం ఆ బఠాణీల మీదే నడిచాయి. మాలతీ చందూర్ విషయం నాకు చాలా ఇష్టం. ఆవిడ వంటల పుస్తకం లేని మధ్యతరగతి ఇల్లు ఒకప్పుడు అరుదు. అదే మనిషి 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచ సాహిత్యంలోని ఇంగ్లీషు నవలలెన్నింటినో తెలుగు ఆడవాళ్ళకి పరిచయం చేసింది. మనం వంటల పుస్తకాన్నే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాం.

మా అమ్మకి గళ్ళనుడికట్టు పిచ్చి. వారపత్రిక రాగానే, పాలు పొంగేలోపు, కుక్కరు కూత వేసేలోపు, పెన్సిలుతో నాలుగు గళ్ళు నింపేది. సాయంత్రం మా నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి, పడక్కుర్చీలో కూచుని, మిగిలిన గళ్ళు పెన్నుతో పూర్తిచేసేవారు. "మీ నాన్నకి భాష మీద ఎంత పట్టో" అని చుట్టాలు అనేవాళ్ళు. ఆయన కాదనలేదు. ఆవిడా అనలేదు. అందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఇద్దరికీ అది సహజంగానే ఉంది, అదే అసలు ఇబ్బంది. ఇప్పుడు అమ్మకి డెబ్బై దాటాయి. పనులు తగ్గాయి, కళ్ళు బాగున్నాయి. "మళ్ళీ నుడికట్టు పూరించరాదుటే" అని ఈ మధ్య అడిగాను. "కూచుంటే ఏదో పని మర్చిపోయానేమోనని గాభరాగా ఉంటుందే" అంది. తీరిక ఒక అలవాటు. నలభై ఏళ్ళు లేకుండా చేసి చివర్న తీసుకోమంటే దాన్ని ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియదు.

ఇప్పుడు కాస్త లెక్కల్లోకి వెళ్దాం. ప్రభుత్వం 1998–99లో ఆరు రాష్ట్రాల్లో మొదటిసారి పెద్ద ఎత్తున కాలవినియోగ సర్వే చేసింది. అందులో మన రాష్ట్రం లేదు. దేశమంతటికీ జరిగినది 2019లో. ఇంటి పనిలో పాల్గొన్నామని చెప్పిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారని తేలింది. ఈ 97 చూసి "పర్వాలేదే, గంటన్నర చేస్తున్నారే" అనుకునేరు. అది ఇంటి పని చేశామని చెప్పిన మగవాళ్ళ సగటు మాత్రమే. అలా చెప్పినవాళ్ళు నూటికి 26 మంది. స్త్రీలలో 81 మంది. 2024లో మళ్ళీ సర్వే చేస్తే 289, 88 అని వచ్చింది. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు మిగిలాయి. మగవాళ్ళకి తొమ్మిది.

ఈ సర్వేలు విలువైనవి. వీటి కోసం స్త్రీవాద ఆర్థికవేత్తలు ఎన్నో ఏళ్ళు పోరారు. అయినా నాకు వాటితో ఒక పేచీ ఉంది. నిన్న తెల్లవారుజామున నాలుగు నుంచి ఇవాళ తెల్లవారుజామున నాలుగు దాకా రోజుని అరగంట ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏం చేశారని అడుగుతారు. రెండు మూడు పనులు కలిపి చేస్తే వాటిలో ప్రధానమైనది ఏదని గుర్తిస్తారు. ఇప్పుడు ఒకావిడ టీవీ ముందు కూచుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, పిల్లవాడి చేత ఎక్కాలు చెప్పిస్తూ, పొయ్యి మీద పప్పు మాడకుండా ముక్కుతో కనిపెడుతూ ఉంది. ఏం చేశావమ్మా అని అడిగితే ఏమంటుంది? "టీవీ చూశానండీ" అంటుంది. తప్పకుండా అదే అంటుంది. బియ్యం ఏరడాన్ని పనిగా తను చూడదు, టీవీ చూడటాన్ని మాత్రం తప్పుగా చూస్తుంది కనక అదే గుర్తుంటుంది. కాగితం మీద ఆవిడకి వినోదం దక్కింది. ఇలాంటి వినోదాన్ని మగవాళ్ళు పడక్కుర్చీలో పొందిన వినోదంతో పక్కపక్కన పెట్టి పోల్చితే పట్టికలో ఇద్దరూ సమానంగానే కనిపించే ప్రమాదం ఉంది.

ఆవకాయ లెక్క ఇంకా వింతైనది. 1993లో ఐక్యరాజ్యసమితి సవరించిన జాతీయ ఆదాయ లెక్కల పద్ధతి ప్రకారం ఇంటి వాడకం కోసం పండ్లూ కాయలూ నిలవ చేసుకోవడం ఉత్పత్తి కిందికి వస్తుంది. అన్నం వండి వడ్డించడం రాదు. అంటే జాడీలోకి వెళ్ళేదాకా ఆవకాయ ఉత్పత్తి, కంచంలోకి వచ్చేసరికి కాదు. మన దేశపు ఉపాధి సర్వేలకు ఆ జాడీ కూడా ఆనదు. సొంత వాడకానికి పంటను శుద్ధిచేసి నిలవ పెట్టుకుంటే అది పని కాదు. అలాంటి స్త్రీకి వాటిలో రెండు సంఖ్యలున్నాయి. ఇంటి పనులు మాత్రమే చేస్తే 92. వాటితోపాటు కట్టెలు, కూరలు, గడ్డి ఏరుకొచ్చి, ఇంటికోసం కుట్టూ నేతా చేస్తే 93. ఇప్పపువ్వు ఇంటికోసమే ఏరుకొచ్చే గోండు స్త్రీనీ, దిండు గలీబు కుట్టే మా పిన్నినీ ఒకే అంకె కింద చేర్చిన ఘనత ఈ 93దే. ఇద్దరూ శ్రామికులు కారు.

అభిరుచి అన్న మాట ఎంత ఖరీదైనదో తెలియాలంటే నరసాపురం వెళ్ళాలి. పశ్చిమగోదావరిలో లేసు అల్లికను 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చారు. జర్మన్ స్త్రీవాద సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర అక్కడికి వచ్చి పరిశోధన చేసి, 1982లో 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు' అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. ఆవిడ చూసింది ఏమిటంటే, ఇంటి పని మొత్తం చేసుకుని, ఆపైన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలు తమని కార్మికులుగా అనుకోవడం లేదు. ఎగుమతిదారులు అసలే అనుకోరు. "ఇంట్లో కూచుని తీరిక వేళల్లో చేసుకునే పని" అన్నారు. తీరిక వేళల పనికి కూలి రేటు ఎందుకు? సంఘం ఎందుకు? దారం చుట్ట ఇచ్చి అల్లిన ముక్కకి ఇంత అని ఇస్తే చాలు. సరుకు విదేశాలకి వెళ్ళింది. లాభం మధ్యవర్తులకీ వ్యాపారులకీ వెళ్ళింది. పొలంలో కూలికి వెళ్ళే దళిత స్త్రీలు వీళ్ళకన్నా ఎక్కువ సంపాదించేవాళ్ళు. కానీ గడప దాటకపోవడమే మర్యాద అనుకునే కాపు కుటుంబాల స్త్రీలు పేదరికంలో కూడా "మేం ఇంట్లోనే ఉంటాం" అని చెప్పుకున్నారు. కులం, ఘోషా, ఎగుమతి మార్కెట్టు, మూడూ కలిసి ఒక్క మాట మీద నిలబడ్డాయి. తీరిక. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు ఊరికీ వస్తువుకీ వచ్చింది. అల్లే మనిషి గంటల లెక్క వేరే అడగాలి.

ఇప్పుడు మన సంగతి. ఇది చెప్పకుండా వెళ్ళిపోదామా అని కూడా అనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో అప్పడాలు, పచ్చళ్ళు, కుట్టు శిక్షణ కోసం ఒక కరపత్రం వేశాం. దాని శీర్షిక "తీరిక వేళల్లో ఆదాయం". రాసింది నేనే. మరియా మీస్ పుస్తకం అప్పటికే చదివి ఉన్నాను, పైగా తరగతిలో పాఠం కూడా చెప్పాను. ఊళ్ళో ఆ కరపత్రం చదివి వినిపిస్తుంటే వెనక వరసలోంచి ఒకావిడ అంది: "బాగుంది మేడమ్. ఆ తీరిక వేళ ఎప్పుడో కూడా కాస్త రాయండి, మేం చూసుకుంటాం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి బస్సులో వస్తూ కరపత్రం మళ్ళీ చదువుకుంటే నవ్వు రాలేదు.

మనం పొదుపు సంఘం సమావేశం పెడతాం, ఆరోగ్య అవగాహన పెడతాం, చట్టాల శిక్షణ పెడతాం, ర్యాలీకి రమ్మంటాం. ప్రతిదీ అవసరమే. ప్రతిదానికీ "ఎలాగూ ఖాళీగానే ఉంటారుగా" అన్న నమ్మకం అడుగున ఉంటుంది. రానివాళ్ళని "చైతన్యం లేదు" అంటాం. ఇవాళ ఆదివారం పదకొండింటికి ఈ సమావేశం పెట్టారు. మీలో ఎంతమంది అయిదింటికి లేచి మధ్యాహ్నం వంట కూడా చేసిపెట్టి వచ్చారో చేతులెత్తమని అడగాలని ఉంది. వద్దులెండి, కొన్ని చేతులు ఇప్పటికే లేస్తున్నాయి.

చట్టం ఏమంటుందో చూద్దాం, ఇది హక్కుల పత్రికలో అచ్చవుతుందట కనక. 1948 విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కు అంటుంది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ నిర్మూలించాలన్న 1979 ఒడంబడిక 13వ అధికరణంలో వినోదం, క్రీడలు, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ఉంది. మన దేశం దాన్ని 1993లో ఆమోదించింది. ఈ అధికరణాన్ని పట్టుకుని మనలో ఎవరమైనా ఒక్క వినతిపత్రమైనా రాశామా? నేను రాయలేదు. కొట్టడం, తగలబెట్టడం ముందు ఆగాలి కదా, తీరిక సంగతి తర్వాత అనుకున్నాం. ఆ తర్వాత రానేలేదు.

కోర్టులు కొంత నయం. జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల సేవలకు సుప్రీంకోర్టు 2001లో నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. 2010లో ఇంకో కేసులో, జనాభా లెక్కల్లో గృహిణులను యాచకులు, ఖైదీలతో కలిపి ఉత్పాదకత లేనివారి కింద చూపడాన్ని తప్పుపట్టింది. 2021 జనవరిలో ఒక తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ, ఇందాక నేను చెప్పిన ఆ 299, 97 అంకెలనే ఉదహరించి గృహిణి శ్రమకు విలువ కట్టడం ఎందుకు అవసరమో రాశారు. చదవదగిన తీర్పు. కానీ ఈ కేసులన్నిటిలో ఆ స్త్రీ చనిపోయింది. ఆవిడ రోజుకు ఎన్ని గంటలు పనిచేసిందో ఆవిడ బతికుండగా లెక్కపెట్టమని అడిగితే ఏ ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి? 2023లో మద్రాసు హైకోర్టు, భార్య ఇంటి పని వల్లనే భర్త సంపాదించగలిగాడు కనక ఆ ఆస్తిలో ఆమెకూ వాటా ఉందన్నది. అది బతికున్న మనిషి అడిగి తెచ్చుకున్నది కావడం వల్ల నాకు ముఖ్యంగా తోచింది. కానీ ఆస్తే లేని ఇంట్లో వాటా దేంట్లో? అక్కడ ఉన్నది సమయమే.

చివరగా ఒక మనిషి గురించి చెప్పి ఆపేస్తాను. హైదరాబాదులో ఒక బస్తీలో కొన్నేళ్ళ క్రితం, వేసవి మొదట్లో, ఆడవాళ్ళతో మాట్లాడుతూ "మీకు రోజులో బాగా ఇష్టమైన సమయం ఏది?" అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రశ్న అర్థం కాలేదేమో అనుకున్నాను. అప్పుడొకామె, ఇళ్ళల్లో పనిచేసే ఆమె, అంది: "నీళ్ళ ట్యాంకరు కోసం కూసునే టైము మేడం. బిందె లైన్ల పెట్టి కూసుంటే ఎవ్వరు పిలవరు. నీళ్ళకే పోయిన గద." ఏం చేస్తావు అప్పుడు అంటే, "ఏం చెయ్య. ఎల్లి పోయే మబ్బుల జూస్త. మా ఊరి చెరువు యాదికొస్తది" అంది.

ట్యాంకరు కోసం మూడేసి గంటలు ఎదురుచూడటం అన్యాయమని మనం ధర్నాలు చేశాం. చేయాల్సిందే, ఇప్పుడూ చేస్తాం. కానీ నా నివేదికలో ఆ మూడు గంటల్ని "నీటి సేకరణలో వృథా అయిన సమయం" అన్న గడిలో రాసుకున్నాను. ఆమె రోజంతటిలో తనదనుకున్న ఒకే ఒక్క సమయం అది.

తర్వాత వాళ్ళ వీధికి కొళాయిలు వచ్చాయి. మళ్ళీ కలిసినప్పుడు అడిగాను, ఇప్పుడెక్కడ కూచుంటున్నావని. మొదట గుర్తురాలేదు ఆమెకి. గుర్తొచ్చాక నవ్వింది. తను పనిచేసే అపార్ట్‌మెంటు మేడ మీద ఇప్పుడు బట్టలు ఆరేసే పని కూడా ఒప్పుకుందట. జీతం పెంచలేదు. "ఎండినంక తియ్యనీకి పోత గద మేడం, జరంత నిమ్మలంగ తీస్త" అంది. ఆ పనికి జీతం అడగమని చెప్పడమా, అడిగితే ఇంకొకరికిచ్చి ఆ మేడే లేకుండా చేస్తారేమోనని ఊరుకోవడమా నాకు తేలలేదు. ఏమీ చెప్పకుండానే వచ్చేశాను. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ సంఘాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ నలుగురైదుగురు కనిపిస్తున్నారు. మీరు ఏమంటారో విని వెళ్దామని ఉంది.